ఫార్వర్డ్ కాదు, కాగితం కావాలి

‘వాట్సాప్‌లో వచ్చింది’ అనే మాట ఈ మధ్య మన సమావేశాల్లో బాగా ఎక్కువైపోయింది. ఎక్కడిదని అడిగితే ‘గ్రూపులో వచ్చింది’ అంటారు, ఎవరు పెట్టారంటే ‘ఎవరో పెట్టినారు బావూ’ అంటారు. తేదీ ఉండదు, జీవో నంబరు ఉండదు. అదే మాట పట్టుకుని తహశీల్దారు ఆఫీసుకు వెళ్తే గుమస్తా నవ్వి పంపించేస్తాడు. కోపం వచ్చినా అతన్ని అని లాభం లేదు. మన చేతిలో ఉన్నది కబురు, అతని బీరువాలో ఉన్నది కాగితం.

ఈ రోజుల్లో ఆ బీరువాలో సగం ఇంటర్నెట్‌లోనే ఉంది. అడంగల్, వన్‌బీ 2015 నుంచి మీ భూమి వెబ్‌సైటులో కనబడుతున్నాయి. జీవోలున్నాయి, గెజిట్లున్నాయి, మార్కెట్ ధరలున్నాయి, పరిశ్రమల పర్యావరణ అనుమతుల ఫైళ్లూ ఉన్నాయి. పీఎం కిసాన్ పైసలు పడ్డాయో లేదో అక్కడే తెలుస్తుంది. రైతు చూడకూడదని ఎవరూ తాళం వేయలేదు. కానీ ఏది ఎక్కడుందో తెలియకుండా చెల్లాచెదురుగా పడేశారు. నూర్చిన కళ్లంలో సూది పడేసి వెతుక్కోమన్నట్టుంది వ్యవహారం. వెతకడం, వెతికింది దాచడం, దాచింది పదిమందికీ పంచడం అనే మూడు పనులనూ సంఘం సభ్యత్వం చేర్పించినంత శ్రద్ధగా చేయాలని మేం అంటున్నాం.

ధాన్యం కొనుగోలు సంగతి చూడండి. 2025-26 సీజనుకు సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు, ఏ గ్రేడు 2,389. ఈ అంకెలు అందరికీ తెలుసు, బ్యానర్ల మీద కూడా వేస్తారు. ఆ ధరకు ధాన్యం ఎలా ఉండాలో చెప్పే కాగితం మాత్రం ఏ బ్యానరు మీదా కనబడదు. కేంద్ర ఆహార, ప్రజాపంపిణీ శాఖ ఏటా ప్రకటించే నాణ్యతా ప్రమాణాలు ఆ శాఖ వెబ్‌సైటులోనే ఉంటాయి. తేమ 17 శాతం దాకా ఉండొచ్చు. మట్టి, రాయి ఒక శాతం, చెత్తా చెదారం ఇంకో శాతం, పాడైనవి, రంగు మారినవి, మొలకెత్తినవి, పురుగు పట్టినవి కలిపి 5 శాతం, ముడుచుకుపోయిన, పండని గింజలు 3 శాతం, తక్కువ రకం కలగలుపు 6 శాతం దాకా అనుమతి ఉంది. ఇది తెలిసిన రైతు ‘తేమెంత, మీటరు చూపించు’ అని అడుగుతాడు. తెలియని రైతు మిల్లు గేటు ముందు ట్రాక్టరు ఆపుకుని రెండు రాత్రులు పడిగాపులు పడి, చివరికి ‘ఎంత కోసుకుంటావో కోసుకో నాయనా’ అంటాడు.

ఆ కోత విలువ ఎంతో లెక్కేద్దాం. 40 కిలోల సంచికి రెండు కిలోలు అదనంగా తీశారనుకోండి, అది నూటికి అయిదు. ఎకరానికి 20 క్వింటాళ్లు అమ్మిన రైతుకు పోయేది ఒక క్వింటా, అంటే 2,369 రూపాయలు. అయిదెకరాలు కౌలుకు చేసేవాడికి 11,845 రూపాయలు. కౌలు కట్టడానికి అప్పు చేసేవాడి దగ్గర్నుంచి ఆ సొమ్ము ఊరికే జారిపోతోంది. ఒక్క పేజీ కాగితం తెలుగులో అచ్చేసి ప్రతి రైతు సేవా కేంద్రం గోడకు అంటిస్తే ఈ దోపిడీ మొత్తం ఆగిపోతుందని మేం అనడం లేదు. ఆ గోడ ముందు నిలబడి అడగడానికి మాత్రం రైతుకు ధైర్యం వస్తుంది.

కాగితానికి ఎంత బలముందో మన జిల్లా వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సోంపేట బీల భూముల్లో థర్మల్ కేంద్రం కడతామన్నప్పుడు, చేపలూ తామరలూ పండే తడినేలను పనికిరాని భూమిగా కాగితాల్లో చూపించారు. 2010 జూలై 14న జనం మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. బీల గట్టు మీద జనం నిలబడ్డారు, ఢిల్లీలో కాగితాలు నిలబడ్డాయి. రెంటిలో ఏది లేకపోయినా ఈ రోజు ఆ బీల ఉండేది కాదని మా నమ్మకం. అప్పట్లో ఆ ఫైళ్లు సంపాదించడానికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చేది. 2018 నుంచి పర్యావరణ అనుమతుల దరఖాస్తులు పరివేశ్ వెబ్‌సైటులో పెడుతున్నారు. 2006 నాటి నోటిఫికేషను ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలి. సముద్రపు ఒడ్డు గ్రామాల యువకులు నెలకోసారి ఆ సైటు తెరిచి మన మూడు జిల్లాల పేర్లు కొట్టి చూస్తే చాలు, టెంటు వేశాక పరుగెత్తే బాధ తప్పుతుంది.

ఇంటర్నెట్‌లో ఉంది కదా, కావాలన్నప్పుడు చూసుకుందాం అనే ధీమా కూడా పనికిరాదు. 2008 నుంచి నడిచిన రాష్ట్ర ప్రభుత్వ జీవోల వెబ్‌సైటులో 2021 ఆగస్టులో జీవోలు పెట్టడం ఆపేశారు. తర్వాత గెజిట్ సైటులో కొన్ని పెట్టారు. ప్రభుత్వం మారాక 2024 ఆగస్టులో పాత సైటును మళ్లీ తెరిచారు. మధ్యలో మూడేళ్లు పోయాయి. ఆ మూడేళ్లలోనే రీసర్వే నడిచింది, భూ హక్కుల చట్టం వచ్చింది. 2023 అక్టోబరులో అమల్లోకి తెచ్చిన ఆ చట్టాన్ని 2024లో అసెంబ్లీ రద్దు చేసింది. ఆ మధ్యకాలంలో ఊరూరా చర్చ జరిగింది, కానీ చట్టం ప్రతి చదివి మాట్లాడినవాళ్లు మండలానికి నలుగురు కూడా లేరు. అటు భయపెట్టినవాళ్లూ ఇటు భరోసా ఇచ్చినవాళ్లూ అందరూ ఫార్వర్డుల మీదే బతికారు. ఏ పార్టీ ప్రభుత్వమైనా తెరిచిన తలుపును మళ్లీ వేసుకోగలదు. కనుక కనబడిన రోజే దించుకుని దాచుకోవాలి.

ఈ జాగ్రత్త ప్రభుత్వ సైట్లకే కాదు, కంపెనీల వేదికలకూ వర్తిస్తుంది. ఢిల్లీ సరిహద్దుల్లో రైతు ఉద్యమం నడిచిన రోజుల్లో, 2020 డిసెంబరు 20న కిసాన్ ఏక్తా మోర్చా ఫేస్‌బుక్ పేజీ కొన్ని గంటలు మాయమైంది. 2021 ఫిబ్రవరి 1న దాని ట్విట్టర్ ఖాతాను మన దేశంలో కనబడకుండా నిలిపేశారు. గొడవ చేస్తే రెండూ తిరిగొచ్చాయి. ఆ ఉద్యమం వాటినే నమ్ముకోకుండా ట్రాలీ టైమ్స్ పేరుతో కాగితం మీద పత్రిక కూడా అచ్చేసుకుంది. ఈ మాసపత్రిక ఎందుకు, అంతా ఫోన్లో పెట్టేయవచ్చు కదా అనే తమ్ముళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పోగేసి, వరసపెట్టి, అందరికీ తెరిచి ఉంచడం ఎలాగో నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. మన లావేరు మండలం మురపాక బిడ్డ కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలని ఆయన పట్టుదల. ఎవరు రాశారు, ఏ పత్రికలో, ఏ సంవత్సరంలో అని వరస పెట్టుకున్నారు. తర్వాత అదే వెబ్‌సైటుగా మారింది. ఇప్పుడు అమెరికాలో ఉన్నవాడు కూడా రచయిత పేరు కొట్టి కథ వెతుక్కోవచ్చు. ‘యజ్ఞం’ రాసిన మనిషిగా ఆయన్ని లోకం తలుచుకుంటుంది, నిజమే. మాకు మాత్రం ఆయన ఆ జాబితా పని మీద కూర్చున్న ఓపికే పెద్దదిగా కనబడుతుంది. కథలకు అంత చేసిన జిల్లాలో పొలం కాగితాలకు ఆ మాత్రం చేయలేమా?

పని పెద్ద కష్టమేమీ కాదు. ఊరికి ఇంటర్ చదివిన ఒక అమ్మాయో అబ్బాయో చాలు. గూగుల్‌లో ఊరికే ‘ధాన్యం జీవో’ అని కొడితే యూట్యూబ్ వీడియోలే పైకొస్తాయి. వాటిలో ‘రైతులకు భారీ శుభవార్త’ అని అరిచేవే ఎక్కువ. దానికి బదులు ఇంగ్లీషులో ‘సైట్’ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా ప్రభుత్వ వెబ్‌సైటు పేరు కొట్టి, ఆ తర్వాత కావాల్సిన మాట కొడితే ఆ సైటులో ఉన్నవే వస్తాయి. కచ్చితంగా అదే మాట కావాలంటే దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. స్కాన్ చేసిన ఇంగ్లీషు జీవో అర్థం కాకపోతే గూగుల్ లెన్స్‌తో చదివించి తెలుగు చేయించుకోవచ్చు. ఆ తెలుగు నవ్వొచ్చేలా ఉంటుంది, సంగతి తెలుసుకోవడానికి సరిపోతుంది, వాదనకు మాత్రం పనికిరాదు. వాదనకు అసలు ప్రతే పట్టుకెళ్లాలి.

దించుకున్న ఫైలుకు పేరు మార్చాలి. ఫోన్ పెట్టే పేరు మొత్తం అంకెలే, రేపు వెతికితే దొరకదు. ముందు సంవత్సరం, నెల, తేదీ, తర్వాత శాఖ, నంబరు, రెండు మాటల్లో విషయం రాసుకుంటే తేదీల వరసలో వాటంతటవే సర్దుకుంటాయి. ఒక ప్రతి ఫోన్లో, ఒకటి సంఘం గూగుల్ డ్రైవ్‌లో, ముఖ్యమైనది అచ్చు తీసి మండల ఆఫీసు ఫైల్లో ఉండాలి. వాట్సాప్ గ్రూపును దాచుకునే చోటు అనుకోవద్దు. గ్రూపు రోడ్డులాంటిది, గాదె కాదు. ఆరు నెలల క్రితం పెట్టిన ఫైలు నొక్కి చూడండి, చాలాసార్లు తెరుచుకోదు. ప్రభుత్వ పేజీ రేపు మారిపోతుందని అనుమానం ఉంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీ చిరునామా పెట్టి భద్రపరచవచ్చు. ఏ తేదీన అక్కడ ఏముందో దానిలో నిలిచిపోతుంది. పైసా ఖర్చు లేదు.

భూమి కాగితాల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. రీసర్వే జరగని గ్రామాల రైతులు ఇప్పుడే తమ వన్‌బీ, అడంగల్ తేదీతో సహా దించుకుని అచ్చు తీసుకోవాలి. సర్వే అయ్యాక పాత సర్వే నంబర్ల బదులు ఎల్పీఎం నంబర్లు వస్తాయి. ఇద్దరు ముగ్గురి పేర్లు కలిపి ఒకే నంబరు పడిన చోట, ఎవరి విస్తీర్ణం ఎంతో తేల్చుకోవడానికి పాత కాగితమే దిక్కు. బొబ్బిలి, విజయనగరం, పర్లాకిమిడి జమీందారీల కింద ఉన్న ఎస్టేటు గ్రామాల వాళ్లకు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన ఫెయిర్ అడంగలే ఇప్పటికీ ఆధారం. అది ఫోన్లో దొరకదు, నకలుకు దరఖాస్తు పెట్టాల్సిందే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక ఇంకో తికమక వచ్చింది. రాజాం ఇప్పుడు విజయనగరంలో ఉంది, పాలకొండ పార్వతీపురం మన్యంలో ఉంది. అక్కడివాళ్లు ఆ తేదీకి ముందున్న ఉత్తర్వులు వెతకాలంటే శ్రీకాకుళం పేరు మీదే వెతకాలి.

కౌలు రైతుల విషయం మరీ దారుణం. ఈ-పంటలో పేరు లేకపోతే ధాన్యం అమ్ముడుపోదు, బీమా రాదు. ఆ జాబితాను అభ్యంతరాల కోసం రైతు సేవా కేంద్రంలో అతికిస్తారు. ఆ రోజే ఎవరో ఒకరు వెళ్లి ప్రతి పేజీ ఫోటో తీసి ఊరి గ్రూపులో పెడితే, పేరు లేనివాళ్లకు గడువులోపే తెలుస్తుంది. ఫోటో తీయడానికి అయిదు నిమిషాలు పడుతుంది. గడువు దాటాక అర్జీలతో తిరగడం ఆరు నెలల పని.

పంచుకోవడం మంచిదే కానీ అన్నీ పంచుకోకూడదు. పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు పుస్తకం ఫోటోలు గ్రూపుల్లో పెట్టవద్దు. పీఎం కిసాన్ పేరుతో, అన్నదాత సుఖీభవ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు నొక్కవద్దు. నొక్కితే ఖాతా ఖాళీ అవుతుంది. ప్రభుత్వం పథకం డబ్బు వేయడానికి ఎవరికీ వాట్సాప్‌లో ఏపీకే పంపదు.

ఇంతా చెప్పి, భారమంతా రైతు మీదే వేస్తున్నారని ఎవరైనా అంటే ఆ మాటలో న్యాయముంది. పొద్దున్నే నారుమడి, మధ్యాహ్నం ఎరువుల క్యూ, సాయంత్రం ఫోన్లో జీవోల వేట అంటే ఎవరికి ఓపిక? సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం అడగకముందే సమాచారం బయటపెట్టాల్సింది ప్రభుత్వమే, స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాల్సిందీ ప్రభుత్వమే. చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ జీవో ఇంగ్లీషులో వస్తుంది, అదీ వంకరగా స్కాన్ చేసిన బొమ్మలా ఉంటుంది. అందులో ఒక్క మాట కూడా వెతకడానికి వీలుండదు. తెలుగులో పెట్టినా పాత ఫాంట్లలో పెడితే గూగుల్‌కు దొరకదు. వాట్సాప్‌లో ‘మన మిత్ర’ సేవలు ఇస్తున్నామని చెప్పుకునే ప్రభుత్వానికి, వ్యవసాయ జీవోలను తెలుగులో, వెతకడానికి వీలైన అక్షరాల్లో పెట్టడం చేతకాదంటే మేం నమ్మం.

కాబట్టి కలెక్టర్లకు ఇచ్చే అర్జీలో ఈసారి మూడు మాటలు చేర్చాలని ప్రతిపాదిస్తున్నాం. వ్యవసాయ, రెవెన్యూ, పౌరసరఫరాల ఉత్తర్వులు తెలుగులో కూడా ఇవ్వాలి. ఒకసారి పెట్టిన ఉత్తర్వును సైటు నుంచి తీసేయకూడదు. ధాన్యం నాణ్యతా ప్రమాణాల పట్టిక ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద, ప్రతి మిల్లు గేటు మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. అది జరిగేదాకా మన పని మనం చేసుకుందాం. ఖరీఫ్ కోతలు మొదలయ్యేలోగా ప్రతి మండల కమిటీ ఒకరిని ఈ పనికి ఎంచుకుని పేరు జిల్లా ఆఫీసుకు పంపాలి. వాళ్లు మొదట దించాల్సింది ఈ ఏడాది ధాన్యం కొనుగోలు మార్గదర్శకాలు, నాణ్యతా ప్రమాణాల పట్టిక, తమ మండలంలోని కొనుగోలు కేంద్రాల జాబితా. మీ ఊళ్లో పాత ఫెయిర్ అడంగల్ నకళ్లు, నీటి తీరువా రశీదులు, సోంపేట, కాకరాపల్లి ఉద్యమాల నాటి కరపత్రాలు ఎవరి పెట్టెలోనైనా ఉంటే చెదలు పట్టకముందే ఫోటోలు తీసి పంపండి. అసలు ప్రతులు మీ దగ్గరే ఉంచుకోండి.