ఒంటిస్తంభపు మేడ

చిన్ననాడు అమ్మమ్మల వద్ద మనమందరం విన్న కథలలో రాకుమార్తె ఉండేది ఒంటిస్తంభపు మేడలో. అక్కడికి పాము ఎక్కలేదు, దొంగ చేరలేడు, కనుక అది క్షేమమని కథ చెబుతుంది. వృత్తిరీత్యా ఇంజనీర్లము కావటం చేత, ఆ కథ తలపునకు వచ్చినప్పుడల్లా మాకు ఒకటే సందేహం: ఆ ఒక్క స్తంభం బీటలు వారితే?

ఒక్కరి జీతంపై నడిచే సంసారం అటువంటి మేడయే. మన కిరందుల్, బచేలి టౌన్‌షిప్పులలో చాలా కుటుంబాలు ఈ కోవకు చెందినవే. గృహిణులకు చదువు లేక కాదు. డిగ్రీలు, బి.ఇడి.లు పూర్తిచేసి వచ్చిన కోడళ్లు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. 1968లో కిరందుల్‌లోనూ, 1977లో బచేలిలోనూ గనులు ప్రారంభమైనప్పుడు, ఇనుము ఉన్నచోటికి మనుషులు వచ్చారే కాని, మనుషులకు అనువైన చోట ఇనుము పుట్టలేదు. గని, రైలు, బడి, ఆసుపత్రి, కొద్దిపాటి బజారు: ఇంతకుమించి ఉద్యోగమిచ్చే తావులు ఇక్కడ అరుదు. కాబట్టి ఒక్క జీతం అనేది ఇక్కడి కుటుంబాలకు ఒక నియమమే. ఆ నియమానికి లోబడి పొదుపు ఎట్లా చేయవచ్చునో ఈ మాసం ముచ్చటించుకొందాము.

కనిపించని జీతం

మనకు నెలనెలా చేతికందే జీతం ఒకటి, కంటికి కనిపించని జీతం మరొకటి. క్వార్టరుకు నామమాత్రపు అద్దె, ప్రాజెక్టు ఆసుపత్రిలో వైద్యం, గుమ్మం ముందు నీరు. ఇవన్నీ విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో కొనుక్కోవలసి వస్తే జీతంలో ఎన్నోవంతు పోతుందో, అక్కడ ఉంటున్న మన తమ్ముళ్లను, మరదళ్లను అడిగితే తెలుస్తుంది.

ఈ సౌకర్యం వరమే గాని, దాని వెనుక ఒక మాయ ఉన్నది. ఖర్చులు తక్కువగా ఉన్నందువల్ల జీతమంతా మన స్వేచ్ఛకే అన్న భ్రమ కలుగుతుంది. పదవీ విరమణ నాడు జీతమూ ఆగుతుంది, క్వార్టరూ ఖాళీ చేయాలి. రెండు జీతాలూ ఒకేనాడు నిలిచిపోతాయి.

పింఛను వస్తుంది కదా అనుకొనేవారు ఒక్కసారి లెక్క చూసుకోవాలి. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో లెక్కకు తీసుకొనే వేతనానికి 2014 సెప్టెంబరు నుండి 15,000 రూపాయల పరిమితి ఉన్నది. ఆ పరిమితిపై ముప్ఫై ఏళ్ల సర్వీసుకు వచ్చేది నెలకు 7,000 లోపే. భర్త కాలం చేస్తే భార్యకు దక్కేది అందులో సగం. 2022 నవంబరు నాటి సుప్రీంకోర్టు తీర్పు అనంతరం అధిక పింఛనుకు అర్హత పొందినవారి సంగతి వేరు. మిగిలినవారు ఈ అంకెను వంటింటి గోడపై వ్రాసి పెట్టుకొన్నా తప్పు లేదు.

సారపప్పు, ఉప్పు

బస్తరు సంతలలో ఒకప్పుడు అడవి బిడ్డలు సారపప్పు తెచ్చి, దానికి సరితూకంగా ఉప్పు పుచ్చుకొని వెళ్లేవారని పెద్దలు చెబుతారు. ఉప్పు లేనిదే కూడు దిగదు, సారపప్పు ధర ఎంతో వారికి తెలియదు. ఈ కథ విని మనం వర్తకుని నిందిస్తాము, గిరిజనుని చూసి జాలి పడతాము. కాని మేము చేసినది అంతకంటె ఘనకార్యం.

1996లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏడాదికి 24 శాతం వడ్డీ ఇస్తామన్న ఒక ప్రైవేటు ఫైనాన్సు సంస్థలో 20,000 రూపాయలు వేశాము. అందులో సగం మా శ్రీమతి పోపులపెట్టెలో మూడేళ్లు కూడబెట్టినది. ఆనాడు భవిష్యనిధిపై ప్రభుత్వమే 12 శాతం వడ్డీ ఇస్తున్నది. అంతకు రెట్టింపు ఇవ్వగలిగిన వ్యాపారం ఏమిటని ఒక్క ప్రశ్న వేసుకోలేదు. ఆరు నెలలు వడ్డీ వచ్చినది. ఏడవ నెలలో కార్యాలయానికి తాళం పడినది. ఆ రోజుల్లో ఇటువంటి సంస్థలు దేశమంతటా కూలటం చేతనే 1997లో రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించి నిబంధనలు బిగించారు. గిరిజనునికి ఉప్పయినా దక్కినది. మాకు అదీ దక్కలేదు.

మా శ్రీమతి ఆనాడు మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. “ఇకమీదట నాకు చెప్పి వేయండి” అన్నది, అంతే. అప్పటినుండి మా ఇంట ఒక కట్టుబాటు ఉన్నది. ఇద్దరికీ అర్థం కాని పథకంలో ఒక్క రూపాయి కూడా వేయము. ఏ పథకమైనా వంటింట్లో నిలబడి అయిదు నిమిషాలలో వివరించలేకపోతే, అది మాకే తెలియదని లెక్క. సంపాదించేది ఒకరైనా నిర్ణయం ఇద్దరిది కావాలి.

నిల్వకుప్ప నేర్పిన పాఠం

మన గనిలో కొండమీది క్రషరు నుండి దిగివచ్చిన ఖనిజం నేరుగా వ్యాగన్లలో పడదు. మధ్యలో నిల్వకుప్ప ఉంటుంది. క్రషరు ఒకపూట మొరాయించినా వ్యాగన్లు నిండుతాయి. వానాకాలంలో కొండచరియలు విరిగి కొత్తవలస మార్గంలో రైళ్లు ఆగినా, కొంతకాలం పైన త్రవ్వకం సాగుతుంది. ఇల్లు కూడా ఇట్లాగే ఏర్పాటు కావాలి. మేము దీనిని మూడు కుప్పలుగా చేసుకొన్నాము.

మొదటిది ఆరు మాసాల ఇంటిఖర్చు. ఇది బ్యాంకులో, అడిగిన వెంటనే చేతికందేట్లు ఉండాలి. దీనిపై వడ్డీని చూడరాదు. బ్యాంకు మూతబడినా ఒక్కొక్క ఖాతాదారుకు 5 లక్షల వరకు బీమా రక్షణ 2020 ఫిబ్రవరి నుండి ఉన్నది.

రెండవది పిల్లల చదువు. మన టౌన్‌షిప్పులలో అసలు చిల్లు ఇక్కడే పడుతుంది. పదవ తరగతి దాకా బడిఖర్చు మనకు అంతగా తెలియదు. ఆ తరువాత పిల్లవాడు విశాఖకో, భిలాయికో, హైదరాబాదుకో వెళతాడు. కోచింగు ఫీజు, హాస్టలు, ప్రయాణాలు కలిసి అది రెండవ సంసారం అవుతుంది. కొన్ని ఇళ్లలో తల్లి కూడా వెంట వెళ్లి అద్దె ఇల్లు తీసుకొంటుంది. ఒక జీతం, రెండు పొయ్యిలు. పిల్లవాడు ఒకటవ తరగతిలో ఉన్ననాడే ఈ ఖర్చుకు ఖాతా తెరవాలి. తొమ్మిదవ తరగతిలో తెరిస్తే అది పొదుపు కాదు, అప్పునకు ముందుమాట.

మూడవది విరమణ తరువాతి జీవితం. దీనిని మిగిలిన రెంటి కొరకు తాకరాదు. ఆడపిల్ల పెళ్లికనో, ఇంటి కప్పుకనో భవిష్యనిధిని మధ్యలో ఖాళీ చేసినవారు చివరకు బిడ్డల ముందు చేయి చాచటం మేము చూశాము.

అయిదేళ్ల ఆలస్యం ఖరీదు

పబ్లిక్ ప్రావిడెంట్ ఫండు వడ్డీ 2020 ఏప్రిల్‌లో 7.1 శాతానికి దిగినది. ఆ వడ్డీయే నిలకడగా ఉన్నదనుకొని, నెలకు 5,000 చొప్పున 15 ఏళ్లు వేస్తే మనం కట్టేది 9 లక్షలు, చేతికి వచ్చేది సుమారు 15 లక్షల 78 వేలు. ఇదే అయిదేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టి, పదేళ్లు మాత్రమే వేసినవారికి వచ్చేది సుమారు 8 లక్షల 65 వేలు. వారు తక్కువగా కట్టినది 3 లక్షలే, పోగొట్టుకొన్నది 7 లక్షలు పైగా. ఈ ఖాతాలో ప్రతి నెలా 5వ తేదీలోపు సొమ్ము చేరితేనే ఆ నెల వడ్డీ లెక్కకు వస్తుందన్నది మరువరాదు. జీతం పడిన మరునాడే కట్టే అలవాటు ఉన్న ఇల్లాలికి ఈ నియమం చెప్పనవసరం లేదు.

ధరల లెక్క కూడా ఇటువంటిదే. 72ను ధరల పెరుగుదల శాతంతో భాగిస్తే, ఖర్చు రెట్టింపు కావటానికి పట్టే ఏళ్లు వస్తాయి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే, నేడు 30,000తో గడిచే ఇంటికి 12 ఏళ్లలో 60,000, మరి 12 ఏళ్లలో 1,20,000 కావాలి. ముప్ఫై ఆరేళ్ల ఉద్యోగికి విరమణకు మిగిలినది సరిగ్గా ఆ 24 ఏళ్లే.

పన్ను మినహాయింపు కొరకే పొదుపు చేసినవారు కొందరు, కొత్త పన్ను విధానంలో 80సి లేదని తెలిసి పొదుపునే మానుకొన్నారు. వైద్యుడు ఫీజు తగ్గించలేదని మందు మానుకోవటం వంటిది ఇది. పన్ను మారినా వృద్ధాప్యం మారదు.

ఒక బీరువా కథ

కొన్నేళ్ల క్రితం మాతో పనిచేసిన ఒక సోదరుడు నలభై ఆరేళ్ల ప్రాయంలో గుండెపోటుతో పోయాడు. పొదుపరి. సిగరెట్టు లేదు, అప్పు లేదు. కర్మకాండలు ముగిసిన తరువాత ఆయన భార్య ఒక సంచీ తెచ్చి మా ముందు గుమ్మరించినది. “ఏది ఏమిటో మీరే చూడండి అన్నయ్యగారూ, ఆయన ఎన్నడూ చెప్పలేదు, నేను ఎన్నడూ అడగలేదు” అన్నది.

భవిష్యనిధిలో నామినేషను పెండ్లికి పూర్వం వ్రాసిన అన్నగారి పేరనే ఉన్నది. కుటుంబం ఏర్పడిన పిమ్మట అటువంటిది చెల్లదు, కొత్తది వ్రాయాలని నిబంధన. ఆయన వ్రాయలేదు. అన్నగారు సజ్జనులు, ఏ సంతకానికీ వెనుదీయలేదు. అయినను వారసత్వ పత్రాలు కూడేసరికి పది మాసాలు పట్టినది. ఆ నడుమ కుమారుని కళాశాల ఫీజుకు ఆమె చేతిగాజులు అమ్ముకొన్నది. ఖాతాలో లక్షలు ఉన్నాయి, ఇంట్లో గాజులు లేవు.

ఆయన పొదుపు చేయలేదని ఎవరనగలరు? స్తంభాన్ని దృఢంగానే కట్టాడు. మేడ ఎక్కే మెట్లు మాత్రం ఎవరికీ చూపలేదు.

చివరగా

సంతకు వెళ్లినప్పుడు ఏడాదికి సరిపడా చింతపండు వేసవిలోనే కొనండి. ఇప్పపూవు రాలే రోజులలో తెల్లవారకముందే ఏరి, ఎండబెట్టి, వానాకాలానికి దాచుకొనే ఆ తల్లుల నుండి పొదుపు నేర్వండి. కాని వారి తట్ట ముందు కూర్చొని రెండు రూపాయలకు బేరమాడి, అది పొదుపని ఇంటికి వచ్చి చెప్పుకోకండి. ఆ రెండు రూపాయలు వారి ఉప్పు.

“ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి” అన్నది మన సామెత. ఒంటి జీతపు ఇంట ఉగాదినాడే శివరాత్రిని తలచుకోక తప్పదు. వచ్చే ఆదివారం భోజనానంతరం ఒక గంట కేటాయించి, భార్యాభర్తలు బీరువా తెరిచి, ఒక చిన్న నోటుపుస్తకంలో నాలుగు విషయాలు వ్రాసుకోండి: ఏ ఖాతా ఎక్కడున్నది, ఎంత ఉన్నది, నామినేషను ఎవరి పేరున ఉన్నది, ఆపదలో ఎవరిని కలవాలి. పుస్తకం ఎక్కడ పెట్టారో పెద్దబిడ్డకు కూడా చెప్పండి.

మా ఇంట ఆ పుస్తకం పోపులపెట్టె ప్రక్కనే ఉంటుంది. అక్షరాలు మా శ్రీమతివి.