అనంతగిరిలో మనవారికి చోటేది?

ఆదివారం పూట వికారాబాద్ నుంచి అనంతగిరి గుట్ట ఎక్కే రోడ్డు పక్కన కాసేపు నిలబడితే చాలు, సంగతి వేరే చెప్పనక్కరలేదు. హైదరాబాద్ నుంచి కార్లు, మోటారు సైకిళ్ళు బారులు తీరి వస్తుంటాయి. డెబ్బై ఎనభై కిలోమీటర్ల దూరంలో ఇంత అడవి, ఇంత చల్లని గాలి ఉండగా నగరవాసులు రావడంలో వింత లేదు. వారిని రావద్దనడం న్యాయమూ కాదు. గుట్ట గాలి మంచిదని నిజాం కాలంలోనే గుర్తించి, క్షయ రోగులకోసం ఇక్కడ శానిటోరియం కట్టించిన సంగతి పెద్దవారెరుగుదురు.

ఇప్పుడు ప్రశ్న వేరు. కేంద్ర ప్రభుత్వం స్వదేశ్ దర్శన్ రెండవ దశ కింద అనంతగిరి అడవిలో పర్యాటక అభివృద్ధికి 38 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. సొమ్ము చిన్నది కాదు. ఈ పనుల్లో గుట్ట చుట్టూ ఉన్న పల్లెల వారికి దక్కేదేమిటి? బయటివారు వచ్చి సేదదీరి పోవడానికే ఈ ఏర్పాట్లా, లేక ఈ నేలమీద పుట్టి పెరిగినవారికీ వాటిలో పాలు ఉన్నదా? ఈ మాట పనులు పూర్తయ్యాక కాదు, ఇప్పుడే అడగవలసి ఉన్నది.

పాలు సంగతి అటుంచి, నష్టమైతే మనకు ముట్టుతూనే ఉన్నది. వచ్చినవారు తిని వదిలేసిన ప్లాస్టిక్ కవర్లు, తాగి పారేసిన సీసాలు రోడ్డు వెంట, చెట్ల కింద పడి ఉంటున్నాయి. కవర్లను పశువులు మేస్తాయి. పగిలిన సీసా పెంకు పశువుల కాపరి కాలికే గుచ్చుకుంటుంది. ఇందులో నగరవాసులు గమనించని విషయం ఒకటున్నది. మూసీ నది పుట్టింది ఈ గుట్టల్లోనే. 1908 వరద తర్వాత ఆ నదికి అడ్డంగా కట్టిన గండిపేట చెరువు, అంటే ఉస్మాన్ సాగర్, 1920లో పూర్తయింది. హైదరాబాద్ నేటికీ ఆ నీళ్ళు తాగుతున్నది. ఇక్కడి వాగులో పారేసిన చెత్త వానాకాలంలో ఎటు పోతుందో వేరే వివరించాలా? తమ కుండలో తామే చెత్త వేసుకుంటున్నారన్న మాట.

కోట్‌పల్లి ప్రాజెక్టు వ్యవహారమూ ఇటువంటిదే. రైతుల సాగునీటికోసం కట్టిన ఆ చెరువు నేడు పడవ విహారానికి పేరు పొందింది. పడవ ఎక్కేవారికి రక్షణ చొక్కాలు తొడుగుతారు. మంచిదే. మరి గట్టు మీది నుంచి ఈతకు దిగే మన పిల్లలకు? 2023 జనవరిలో సంక్రాంతి రోజుల్లో ఈ ప్రాజెక్టులో ఈతకు దిగి నలుగురు యువకులు మునిగి చనిపోయారు. లోతు ఎక్కడెంతో తెలిపే బోర్డులు, సెలవు రోజుల్లో ఈత తెలిసిన కాపలాదారు, గట్టుమీద నాలుగు తాళ్ళు, గాలి నింపిన ట్యూబులు కోట్ల రూపాయల పనులు కావు. మన పిల్లలకు విహారమంటే టికెట్టు కొని పడవ ఎక్కడం కాదు, చెరువులో ఈత కొట్టడమే. వారినీ లెక్కలోకి తీసుకోవాలి కదా!

పల్లె మనిషికి విహారం ఎందుకని కొందరు పెదవి విరవవచ్చు. రోజంతా ఎండలో పనిచేసేవాడికి పార్కెందుకట! ఈ మాట అనేవారు జిల్లా కేంద్రానికి పనిమీద వచ్చిన పల్లె మనిషిని ఒక్కనాడైనా చూడలేదనుకోవాలి. దవాఖానకు వచ్చిన గర్భిణి, కచేరీలో సంతకం కోసం వచ్చిన రైతు, సాయంత్రం బస్సు దాకా కాలక్షేపం చేయవలసిన ముసలమ్మ, వీరికి కావలసింది ఒక చెట్టు నీడ, ఒక బెంచీ, తాగను నీళ్ళు, ఆడవారికి మరుగుదొడ్డి. పట్టణాల్లో పార్కులను ఉదయం సాయంత్రం నడకకు వచ్చేవారి కోసం తెరిచి, మిట్టమధ్యాహ్నం తాళం వేయడం పరిపాటి అయింది. నీడ అవసరమయ్యేది మధ్యాహ్నమే అన్న చిన్న విషయం పురపాలక అధికారులకు తట్టకపోవడం విచారకరం.

మన తప్పూ లేకపోలేదు. పల్లె ప్రగతి కింద 2020 నుంచి ఊరూరా ప్రకృతి వనాలు వేశారు. కొన్ని ఊళ్ళలో పచ్చగా పెరిగాయి. కొన్నిచోట్ల బోర్డు, కంచె మాత్రం మిగిలి మొక్కలు ఎండిపోయాయి. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు ముగిసి పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలోకి పోయాక పట్టించుకునేవారు మరీ కరువయ్యారు. అయినా నాలుగు బిందెల నీళ్ళకు కూడా సర్కారు ఉత్తర్వు రావాలా?

పొరుగు రాష్ట్రంలో తలకోన, మారేడుమిల్లి అడవుల్లో పర్యాటకుల వసతి, వంట, దారి చూపడం వంటి పనులు అక్కడి వన సంరక్షణ సమితులకే అప్పగించారు. అడవిని కాపాడేవారే అడవి మీద నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్నారు. అనంతగిరిలోనూ ఆ పద్ధతి రావాలి. వాహనాలు నిలిపే రుసుములో చుట్టుపక్కల పంచాయతీలకు వాటా ఇచ్చి, ఆ డబ్బుతో చెత్త ఎత్తించాలి. గుట్టమీద అంగళ్ళు పెట్టుకునే హక్కు ముందు స్థానిక మహిళా సంఘాలకు దక్కాలి. జిల్లా పాఠశాలల పిల్లలను ఏడాదికొకసారైనా ఉచితంగా గుట్టకు తీసుకురావాలి. ఆదివారాలు మండల కేంద్రాల నుంచి బస్సు నడపాలి. కారున్నవాడికే కొండ అన్న పరిస్థితి ఉండకూడదు.

38 కోట్ల పనులలో ఏది ఎక్కడ వస్తున్నదో తెలుగులో రాసి ప్రతి గ్రామ పంచాయతీ కార్యాలయంలో అతికించమని కలెక్టరుగారిని కోరుతున్నాము. కార్తిక మాసంలో అనంత పద్మనాభస్వామి జాతరకు వేలాది పల్లె జనం గుట్ట ఎక్కుతారు. కనీసం ఆనాటికి వారికి కూర్చునే నీడ, తాగునీరు, మరుగుదొడ్లు సిద్ధం చేయాలి.