అసలూ – కొసరూ

కూరగాయలు బేరమాడి, డబ్బు చేతిలో పెట్టి, ఆఖర్న "నాలుగు రెబ్బలు కరివేపాకు వెయ్యవయ్యా" అని అడగని ఇల్లాలు మన దేశంలో అరుదు. దానికే కొసరు అని పేరు. అసలు కంటె కొసరే ముద్దని పెద్దలు ఊరికే అనలేదు. అసలుకు డబ్బిచ్చాం; కొసరు మాత్రం గెలుచుకున్నామనిపిస్తుంది. ఆ రుచే వేరు.

అమెరికాలో పచారీ కొట్టువాడు కూడా కొసరు వేస్తాడు. కరివేపాకు కాదు, పెట్రోలు! అక్కడ పెట్రోలును గ్యాసంటారు. కనక అక్కడున్న మీ అమ్మాయి "గ్యాసు అయిపోయిందమ్మా" అని ఫోనులో అంటే, పొయ్యి ఆరిపోయిందని కంగారుపడకండి. కారుకు ఆకలి వేసిందని అర్థం.

ఆ కొసరు సంగతి కొంచెం వివరంగా చెబుతాను. క్రోగర్ అని అక్కడ పెద్ద పచారీ సంస్థ. 1883లో బార్నీ క్రోగర్ అనే ఆయన సిన్సినాటీ నగరంలో ఒక్క కొట్టుతో మొదలుపెట్టాడు. ఇవాళ చాలా రాష్ట్రాల్లో దాని కొట్లున్నాయి. చాలాచోట్ల కొట్టు పక్కనే సొంత పెట్రోలు బంకూ వుంటుంది. సరుకులకు డబ్బు కట్టేటప్పుడు సభ్యత్వపు కార్డు చూపాలి, లేదా ఫోను నంబరు నొక్కాలి. మామూలుగా డాలరుకు ఒక పాయింటు జమ. 100 పాయింట్లకు ఆ బంకులో గ్యాలనుకు 10 సెంట్లు తగ్గిస్తారు. 1000 చేరితే గ్యాలనుకు ఒక డాలరే తగ్గుతుంది. గ్యాలనంటే మన లెక్కలో సుమారు 3.78 లీటర్లు. ఒకసారి పోయించుకుంటే 35 గ్యాలన్ల దాకా తగ్గింపు చెల్లుతుంది. ఒక నెలలో జమ అయిన పాయింట్లు పై నెలాఖరుతో మురిగిపోతాయి.

ఇది కొత్త ఎత్తేమీ కాదు. 1896లో మొదలైన స్పెర్రీ అండ్ హచిన్సన్ కంపెనీవారి పచ్చ స్టాంపులు ఆ దేశంలో ఎన్నో ఏళ్ళు వాడుకలో వున్నాయి. కొట్లో సరుకు కొంటే స్టాంపులిచ్చేవారు. ఇల్లాళ్ళు వాటిని చిన్న పుస్తకాల్లో అంటించి, పుస్తకాలు నిండాక ఇంటికి కావలసిన వస్తువులు తెచ్చుకునేవారు. ఇప్పుడు జిగురూ లేదు, పుస్తకమూ లేదు. లెక్కంతా యంత్రమే చూసుకుంటుంది. కొట్టువాడి ఆశ మాత్రం అదే: ఈ ఇల్లాలు మళ్ళీ నా గుమ్మమే తొక్కాలి. పైగా ఎవరు ఏమి కొంటున్నారో కూడా ఆ ఫోను నంబరు అతనికి చెబుతుంది.

మా చెల్లెలు ఒహాయో రాష్ట్రంలో కాపురం వుంటున్నది. ఇద్దరు పిల్లలు, రెండు కార్లు. నిరుడు మా మరిది ఉద్యోగం పోయింది. అయిదు నెలలపాటు చెల్లెలి జీతంమీదే సంసారం నడవవలసి వచ్చింది. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక, ఏదో విధాన నాలుగు డబ్బులు మిగల్చాలని, ఆయన ఈ పాయింట్ల లెక్క చేపట్టాడు. ఒక సాయంకాలం కారులో పెట్రోలు అడుగంటింది. పాయింట్లు చూస్తే 940 వున్నాయి.

"ఇంకో 60 డాలర్ల సరుకు కొనేస్తే వెయ్యి నిండుతాయి. గ్యాలనుకు డాలరు తగ్గుతుంది" అన్నాడట ఉత్సాహంగా.

మా చెల్లెలు కాగితం తీసుకుంది. 940కి గ్యాలనుకు 90 సెంట్లు ఎలాగూ తగ్గుతాయి. వెయ్యికి ఒక డాలరు. తేడా 10 సెంట్లు. వాళ్ళ కారులో పట్టేది 14 గ్యాలన్లు. అంటే 60 డాలర్లు ఖర్చు చేస్తే అదనంగా కలిసివచ్చేది ఒక డాలరూ 40 సెంట్లు!

"సరుకులు ఎప్పటికైనా కావలసినవేగా?" అన్నాడు మరిది. ఆమె మాట్లాడకుండా వెళ్ళి అలమర తలుపు తెరిచింది. మూత తియ్యని నూనె సీసాలు మూడు, పిల్లలు ముట్టని అటుకుల డబ్బాలు అయిదు. అన్నీ పాయింట్లకోసం వచ్చినవే. ఈ కథ ఫోనులో విని మా అమ్మ, "కరివేపాకు కోసం ఎవరైనా వంకాయలు కొంటారుటే?" అన్నది.

ఆ రాత్రి భార్యాభర్తలిద్దరూ కూర్చుని లెక్క తిరగరాశారు. వాళ్ళ కారుకు ఈ కొసరు విలువ నూటికి 1.40 మాత్రమే. కనక పప్పు మరొక కొట్లో నూటికి పది తక్కువకు దొరికితే, పాయింట్లు రాకపోయినా అక్కడే కొనాలి. ఎదురు బంకులో ధర గ్యాలనుకు 15 సెంట్లు తక్కువగా వుంటే, ఇక్కడి 10 సెంట్ల తగ్గింపు తగ్గింపే కాదు. చేర్చుకున్న పాయింట్లను టాంకు దాదాపు ఖాళీ అయినప్పుడే వాడాలి: డాలరు తగ్గింపుతో 14 గ్యాలన్లు పోయిస్తే 14 డాలర్లు మిగులుతాయి; సగం టాంకుకు వాడేస్తే 7 డాలర్లే. వేరే దుకాణాల బహుమతి కార్డులు కొంటే రెట్టింపు పాయింట్లిస్తారు. బడి తెరిచేముందు పిల్లలకు జోళ్ళు కొనక తప్పదు కనక ఆ దుకాణం కార్డు కొనడం తెలివే. జోళ్ళు అక్కరలేని నెలలో కొనడం మాత్రం తెలివి కాదు. ఇక అప్పు కార్డుతో కొని, ఆ బాకీ నెలలోపల తీర్చకపోతే, వడ్డీయే ఈ కొసరును మింగేస్తుంది.

పై నెల నుంచి ఆ కొట్లో వాళ్ళ ఖర్చు 940 నుంచి 700 డాలర్లకు దిగింది. పాయింట్లూ తగ్గాయి, పెట్రోలు మీద వచ్చేదాంట్లో 2 డాలర్ల 80 సెంట్లు పోయాయి. మిగిలిన 240 డాలర్లలో 90 ఇతర కొట్లకు వెళ్ళినా, నెలకు 150 డాలర్లు ఇంట్లోనే నిలిచాయి. ఆ అయిదు నెలల్లో పిల్లల సంగీతం పాఠాలు ఆగకుండా సాగినది ఆ డబ్బుతోనే. ఇప్పుడు మరిదికి మళ్ళీ ఉద్యోగం దొరికింది; లెక్క పుస్తకం మాత్రం వంటింట్లోనే వుంది.

ఇదంతా అమెరికావారి గొడవ, మనకెందుకంటారా? మన ఊళ్ళలోనూ పెద్ద కొట్లలో బిల్లు వేసే అమ్మాయి ముందుగా ఫోను నంబరే అడుగుతున్నది. ఇంకో 200 రూపాయల సరుకు కొంటే ఏదో ఉచితమని నవ్వుతూ చెబుతుంది. వచ్చిన కొసరును వదులుకోమని నేననను. కొనవలసినవి కొన్నాక వస్తే నిక్షేపంగా పుచ్చుకోండి. కాని ఇంటి దగ్గర రాసుకున్న జాబితా చేతిలో వుంచుకోండి. అందులో లేని వస్తువు బుట్టలో పడబోయేముందు, ఆ కొసరు లేకపోతే ఇది కొనేదాన్నా అని ఒక్కసారి ఆలోచించండి. లేదనిపిస్తే, దాన్ని తీసిన చోటే పెట్టి వచ్చెయ్యండి.