ఒకే ప్రోటీన్ మీద ముప్పై ఏళ్లు

గోటింగెన్‌లో వీడాక్ అనే ప్రోటీన్ మీద పనిచేస్తున్నానంటే ఏలూరు నుంచి మా మామయ్య అడిగేది ఒకటే: "దాంతో మందేమైనా వస్తుందేంట్రా?" నిధులిచ్చే కమిటీలూ ఇదే అడుగుతున్నాయి. పని మొదలు కాకముందే ఈ ప్రశ్న వేయడం మానాలంటాను నేను.

కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పైపొరలోని ఛానెల్ వీడాక్. లోపల తయారైన శక్తి అణువు ఏటీపీ కణంలోకి వచ్చేది ప్రధానంగా ఈ దారినే. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుగొన్నాడు.

మా ప్రయోగంలో ఉప్పునీళ్లు పోసిన రెండు చిన్న గదుల మధ్య గోడకు సన్నని రంధ్రం ఉంటుంది. దాని మీద కొవ్వు పొర పరిచి, కొంచెం ప్రోటీన్ వేసి కనిపెట్టుకుని ఉంటాం. తెరమీద కరెంటు గీత ఉన్నట్టుండి ఒక మెట్టెక్కిందా, ఒక ఛానెల్ పొరలో కూర్చున్నట్టే. పొర చిట్లితే మళ్లీ మొదటికి. కొన్ని మధ్యాహ్నాలు పొరలు పరచడంతోనే సరి.

1989లో ఇక్కడి మాక్స్ ప్లాంక్ సంస్థలో ఫ్రీడ్రిష్ థిన్నెస్ బృందం మనిషి వీడాక్ అమైనో ఆమ్లాల వరుసను ప్రచురించింది. దాన్ని తీసింది బీ-లింఫోసైట్ల నుంచి. కణం బయటి పొరలోనూ ఇది ఉందన్నారు. మైటోకాండ్రియా ప్రోటీన్‌కు అక్కడేం పని అని చాలామంది ఒప్పుకోలేదు. థిన్నెస్ ఆ మాట వదల్లేదు. 2008లో గోటింగెన్, ట్యూబింగెన్ శాస్త్రవేత్తలు దాని ఆకృతి తేల్చారు: 19 పట్టీలు చుట్టిన గొట్టం. 2019లో స్వీడన్‌లోని లుండ్ పరిశోధకులు టైప్-2 షుగర్ ఉన్నవారి ఇన్సులిన్ తయారుచేసే కణాలను చూస్తే, వీడాక్‌లో ఒక రకమైన వీడాక్-1 కణం బయటి పొరకు చేరి ఏటీపీని బయటికి వదిలేస్తోంది. ఆ దారిని అడ్డుకుంటే ఇన్సులిన్ మళ్లీ బాగా విడుదలైంది. అడ్డుకున్నవాటిలో మన ఇళ్లలో రోజూ మింగే షుగర్ బిళ్ల మెట్‌ఫార్మిన్ కూడా ఉంది!

ఇది ల్యాబ్‌లో కణాల మీద, ఎలుకల మీద తేలిన సంగతి. దీన్ని చూపించి "మైటోకాండ్రియాకు బలం" అంటూ క్యాప్సూళ్లు అమ్మజూపితే కొనకండి. డాక్టరు రాసిన బిళ్లలు మానకండి.

1989లో థిన్నెస్‌ను షుగర్‌కు మందేదని నిలదీసి ఉంటే ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు; ఆ ఆధారం దొరకడానికి ముప్పై ఏళ్లు పట్టింది. మన దగ్గర చాలా గ్రాంట్లు మూడేళ్లకే ముగుస్తాయి. ల్యాబ్‌లో చెయ్యి తిరిగిన పిల్లలు అప్పటికి ఉద్యోగాల వేటలో పడతారు. షుగర్ లేని ఇల్లు అరుదైపోయిన రెండు తెలుగు రాష్ట్రాలూ చెరో విశ్వవిద్యాలయంలో ఒక్క పొర-ప్రోటీన్ల ల్యాబ్‌కైనా, మందు ఊసెత్తకుండా, పదేళ్లు నిధులివ్వాలి.