పెద్ద బ్రేకులు, చిన్న పెట్టుబడి

మన సంఘ సభ్యులలో పాత మోటారుబండ్లు గలవారు ఇటీవల మమ్ము తరచుగా ఒక ప్రశ్న అడుగుచున్నారు: తక్కువ వ్యయముతో బండికి పెద్ద బ్రేకులు వేయించుకొనవచ్చునా యని. వారిలో కొందరు టాక్సీ నడుపుకొని జీవించువారు. కొందరు ఏటికి రెండు మూడు పర్యాయములు కుటుంబముతో తిరుమలకు పోయి వచ్చువారు. మేము యంత్రవిద్య నేర్చినవారము కాము, వర్తకులము. అయినను ఈ విషయమున సగము యంత్రవిద్య, తక్కిన సగము చిట్టా లెక్క. ఆ రెండును చూడక చేయు వ్యయము ధనమునకే గాక ప్రాణములకును చేటు గనుక, మా అభిప్రాయమును దాచక చెప్పుచున్నాము.

పెద్ద బ్రేకు వేసినచో బండి తక్కువ దూరములో ఆగునని పలువురి నమ్మకము. పెడలు గట్టిగా త్రొక్కినప్పుడు ఇప్పుడున్న బ్రేకులే చక్రమును తిరుగనీయక బిగింపగలిగినచో, అంతకు పెద్ద బ్రేకు వలన ఆ దూరము తగ్గదు. అప్పుడు భారమంతయు టైరునకును రోడ్డునకును నడుమ నుండు అరచేతి పాటి పట్టుమీదనే పడును. అరిగి నున్ననైన టైర్లపై బండి నడుపుచు డిస్కుల వ్యాసము పెంచ జూచుట, పునాది కదలిన ఇంటికి సింహద్వారము మార్పించుట వంటిది. మన వాననాళ్లలో అన్నాశాలపై జారు బండ్లను చూచినవారికి ఇది వేరుగ చెప్ప నక్కరలేదు.

మరి పెద్ద బ్రేకు ప్రయోజన మెక్కడ? వేడిని ఓర్చుకొనుటలో. కదలు బండి శక్తిని బ్రేకు వేడిగా మార్చును. వేగము రెట్టింపైనచో ఆ శక్తి నాలుగు రెట్లగును. తిరుమల దిగుదారినే తీసికొందము. 1944లో తెరచిన పాత ఘాటురోడ్డే నేడు దిగుదారి. కొండమీదికిని తిరుపతికిని ఎత్తులో భేదము సుమారు 700 మీటర్లు. ఆ ఎత్తు దిగు బండి విడుచు శక్తి, గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు అదే బండిని 28 మారులు పూర్తిగా ఆపుటకు సమానము. ఇందులో గాలి కొంత, ఇంజను కొంత మ్రింగును, మిగిలినదంతయు బ్రేకులదే. ఏడుగురిని, ప్రసాదపు సంచులను ఎక్కించుకొన్న బండిలో ఆ వేడి ఇంకను హెచ్చును. దేవస్థానమువారు దిగుటకు 40 నిమిషములకు తక్కువ పట్టరాదని నియమించినప్పుడు మనవారు విసుగుకొనిరి గాని, ఆ నియమము బ్రేకులకు చేసిన మేలు తక్కువది కాదు.

ఇట్టి దారిలో పెద్ద డిస్కు మెల్లగా వేడెక్కును, త్వరగా చల్లారును. ఇది నిజమే. కాని చిన్న పెట్టుబడి గలవాడు ముందు చూడవలసినది బ్రేకు ఆయిలును. అది గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. సముద్రతీరమందున్న మన చెన్నపురిలో తేమకు కొరత లేదు. డాట్ 3 రకమునకు క్రొత్తదిగా నున్నప్పుడు మరుగు స్థానము కనీసము 205 డిగ్రీలు. తేమ పట్టిన పిదప ఆ కనీసము 140కి దిగును. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. ఆయిలు మరిగి ఆవిరియైనచో పెడలు మెత్తబడి నేలకు తగులును, బండి ఆగదు. డిస్కు ఎంత పెద్దదైనను అప్పుడు నిరుపయోగము. రెండేండ్లకొకమారు ఆయిలు మార్పించి, పగిలిన రబ్బరు హోసులు తీయించి, మంచి ప్యాడులు, లైనింగులు వేయించుటకగు ఖర్చు ఏ టాక్సీవానికిని మోయరానిది కాదు. ఎక్కిన గేరులోనే దిగవలెనని పాత డ్రైవర్లు చెప్పు నియమమునకు ఆ ఖర్చును లేదు.

ఇంత చేసిన పిదపను పెద్ద బ్రేకు కావలెనన్నచో, చవకలో క్షేమమైన మార్గ మొక్కటే: అదే కుటుంబములోని బరువైన బండికి తయారీదారు వేసిన బ్రేకులను మొత్తముగా తెచ్చుకొనుట. 1960 దశకమున మన మదరాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారునకు డ్రమ్ము బ్రేకులే. దాని మాతృకయైన ట్రయంఫ్ హెరాల్డ్ గలవారు ఇంగ్లండులో చేసిన పని యేమనగా, ఆ కుటుంబమునకే చెంది 1962లో ముందు డిస్కులతో వెలువడిన స్పిట్‌ఫైర్ కారు భాగములను తెచ్చి బిగించుకొనుట. ఇందులోను చిక్కు కలదు. డ్రమ్ములో తిరుగు చక్రమే షూను లోనికి లాగుకొని పట్టును పెంచును. డిస్కులో ఆ సాయము లేదు, కాలి బలము ఎక్కువ కావలెను. అందుచే బూస్టరు, కొలత మారిన మాస్టరు సిలిండరు అవసరపడవచ్చును. పెద్ద డిస్కు 13 అంగుళముల చక్రములో పట్టక పోవచ్చును. అప్పుడు రిమ్ములు, టైర్లు. ముందు వెనుకల పట్టు సమముగా లేక వెనుక చక్రములు ముందుగా బిగిసినచో బండి గిరుక్కున తిరుగును. కొన్న ధర వేరు, సరుకు కొట్టు చేరిన ధర వేరని మన వర్తకులకు తెలియనిదా? డిస్కు ధర మాత్రమే విని ముచ్చటపడువారు ఈ రెండవ ధరను కాగితముపై వ్రాసికొని చూడవలెను.

పుదుప్పేటను గూర్చియు ఒక మాట. విప్పిన బండ్ల తలుపులకు, అద్దములకు, సీట్లకు ఆ బజారు మంచిదే, మేమును కొందుము. కాని అరిగిన డిస్కు, త్రుప్పు పట్టిన కాలిపరు అచ్చట కొనుట మాకు సమ్మతము కాదు. 1962 నుండి పాడిలో బ్రేక్స్ ఇండియావారు, 1964 నుండి రాణే బ్రేక్ లైనింగ్ వారు దేశమునకంతటికి బ్రేకు సామాగ్రి సరఫరా చేసిన నగరము మనది. జనరల్ ప్యాటర్స్ రోడ్డున క్రొత్త సరుకు దొరకుచుండగా పాత ఇనుప కుప్పలలో ప్రాణాధారమును వెదకుట ఏమి పొదుపు?

చట్టమును మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, దానిపై 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పు, తయారీదారు నిర్ణయించిన స్వరూపమును యజమాని ఇచ్చవచ్చినట్లు మార్చుటకు అడ్డుపడుచున్నవి. కావున చేయి వేయుటకు ముందే రవాణా కార్యాలయమున విచారించి, భీమా సంస్థకు వ్రాసి, జవాబు కాగితముపై తీసికొనవలెను. ప్రమాదము జరిగిన పిదప ఆ కాగితము దొరకదు.

బ్రహ్మోత్సవములు ఆశ్వయుజ మాసమున వచ్చును. ఆలోపల తిరుమల పోదలచిన సభ్యులు నలుగురైదుగురు కలిసి, ఒకే ఆదివారము నమ్మకమైన మెకానిక్కును పిలిపించి, అందరి బండ్ల చక్రములు విప్పించి చూపించుకొన్నచో కూలి పంచుకొనవచ్చును. మా కొట్టు వెనుక ఖాళీ స్థలమున నాలుగు బండ్లు నిలుచును, అద్దె అక్కరలేదు. రాదలచినవారు ముందు వారమే తెలిపినచో ఆయిలు, ప్యాడులు టోకు ధరకు తెప్పించి యుంచెదము.