సోలాపూర్ వస్తే తూర్పు దిక్కు చూడకుండా పోకండి

సోలాపూర్‌లో చూడదగ్గవి ఏమిటని ఎవరిని అడిగినా ఒకటే వరస చెబుతారు. చెరువు నడుమ సిద్ధేశ్వరుని గుడి, పక్కనే భుయికోట్ కోట, పోతూ పోతూ రెండు చాదర్లు. ఆ తర్వాత తుల్జాపూర్ భవాని, అక్కల్‌కోట స్వామి, పండరీపురం విఠోబా. చెప్పిన వాటిలో సగం ఊళ్లోవి కావు, ఊరు దాటి పోయే దారులు. ఈ వరసలో మన పూర్వ భాగ్ ఎక్కడా ఉండదు. అశోక్ చౌక్, కన్నా చౌక్, సాఖర్ పేట్, భద్రావతి పేట్, దత్తనగర్, ఈ పేర్లు బయటివాళ్లకు తెలియవంటే సరే. పుణెలోనో హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడిన మన పిల్లలు కూడా సెలవులకు వచ్చి, తాత ఇంట్లో భోంచేసి, బయటి స్నేహితులను మాత్రం కోట దగ్గరికి తీసుకుపోతారు. ఇది నాకు నచ్చదు. సోలాపూర్‌లో వేరే ఊళ్లో దొరకని సంగతి ఏదైనా ఉందంటే అది తూర్పు దిక్కునే ఉంది. ముందు చూడాల్సింది అదే అని నా అభిప్రాయం.

గుడినీ కోటనూ తక్కువ చేసి చెప్పడం లేదు. సిద్ధరామేశ్వరుడు 12వ శతాబ్దపు శరణుడు, బసవన్న కాలపు మనిషి. సంక్రాంతికి జరిగే గడ్డా జాతరలో ఏడు నందిధ్వజాలు ఊరేగుతుంటే చూడటం ఒక భాగ్యమే. చార్ హుతాత్మా చౌక్‌లో ఒక్క నిమిషం ఆగాల్సిందే. 1930 మే నెలలో గాంధీజీని అరెస్టు చేశాక సోలాపూర్ తిరగబడింది, బ్రిటిష్ వాళ్లు మార్షల్ లా పెట్టారు. మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిషన్ సారడా, ఈ నలుగురినీ 1931 జనవరి 12న యెరవాడ జైల్లో ఉరితీశారు. ఒక లింగాయతు, ఒక ముసల్మాను, ఒక మరాఠా, ఒక మార్వాడీ. ఊరి స్వభావం ఆ నాలుగు పేర్లలోనే కనిపిస్తుంది. భయ్యా చౌక్‌లో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ స్మారకం ఉంది. 1938లో చైనా యుద్ధభూమికి పోయి సైనికులకు వైద్యం చేస్తూ 1942లో, 32 ఏళ్లకే అక్కడే కన్నుమూసిన డాక్టరు ఈ ఊరి బిడ్డ. ఇవన్నీ పొద్దున పూట చూడండి. కానీ మధ్యాహ్నం బస్సెక్కేయకండి.

మనవాళ్లు ఇక్కడికి ఎందుకు వచ్చారో పిల్లలకు చెప్పడానికి పుస్తకం అక్కర్లేదు, నాలుగు మాటలు చాలు. 19వ శతాబ్దం చివరి భాగంలో ఇక్కడ బట్టల మిల్లులు లేచాయి. మొదటిది సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు, జనం నోట జూనీ మిల్లు. తర్వాత లక్ష్మీ మిల్లు, విష్ణు మిల్లు, నర్సింగ్ గిర్జీ మిల్లు వచ్చాయి. నూలు దొరికే చోటికి నేసే చేతులు నడిచి వచ్చాయి. నిజాం రాజ్యంలోని కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్, మహబూబ్‌నగర్ దిక్కుల నుంచి కరువుకు కొందరు, అప్పులకు కొందరు, ముందు వచ్చిన బావమరిది కబురుకు కొందరు వచ్చి చేరారు. మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. వాటిని నమ్ముకుని వచ్చిన నేతగాళ్లు మాత్రం ఇంట్లో చేమగ్గం పెట్టారు, తర్వాత సాంచలు పెట్టారు. భౌగోళిక గుర్తింపు పొందిన సోలాపూర్ చాదరు, టెర్రీ టవలు వెనక ఉన్నది ముఖ్యంగా ఈ పేటల పనే. అందుకే చాదరును దుకాణంలో చూసి కొనుక్కుని పోతే సగమే చూసినట్టు.

కాబట్టి మొదట ఒక కార్ఖానా చూడండి. సెలవు రోజున కాదు, పని నడిచే రోజున. గల్లీలోకి తిరగ్గానే చెవికి ముందు తెలుస్తుంది, కంటికి తర్వాత. లోపల జకార్డు సాంచ మీద అట్టల దండ తిరుగుతూ ఉంటుంది. అట్టలో బెజ్జం ఉన్న చోట కొక్కెం లేచి పడుగు దారాన్ని ఎత్తుతుంది. బెజ్జం లేని చోట దారం కిందనే ఉంటుంది. ఎత్తిన దారాల కింద నుంచి నాడె పేకను మోసుకుని పరుగెత్తుతుంది. అలా అట్ట వెంట అట్ట పోతుంటే నెమలి రూపు కడుతుంది. కంప్యూటర్ చదివే మన పిల్లలకు ఇది చూపించి, ఉంది, లేదు అనే రెండు మాటలతో లెక్క చేసే యంత్రం మన ఇళ్లల్లో ఎప్పటి నుంచో నడుస్తోందని చెప్పండి. వాళ్ల మొహం మారుతుంది.

టెర్రీ టవలు ఇంకో తమాషా. దానికి పడుగులు రెండు. ఒకటి బిగువుగా ఉంటుంది, ఇంకొకటి వదులుగా ఉంటుంది. మూడు పేకలు పడేదాకా అచ్చు కొంచెం దూరంలోనే ఆగి, తర్వాత మూడింటినీ కలిపి ఒక్కసారి ముందుకు కొడుతుంది. వదులు పడుగు ఆ దెబ్బకు ముడుచుకుని చిన్న ఉంగరంలా పైకి లేస్తుంది. రోజూ ఒళ్లు తుడుచుకునే టవలు మీద ఉన్న ఆ వేల ఉంగరాలన్నీ అలా లేచినవే. ఇది తెలిసినవాడు టవలును ఇంకోలా పట్టుకుంటాడు.

రెండోది, నేతగాని ఇంటి ఇంకో సగం. మగవాళ్లు సాంచ మీద ఉంటే ఆడవాళ్ల ఒళ్లో చాట ఉండేది. ఇప్పటికీ చాలా ఇళ్లల్లో ఉంది. ఆకు తడిపి, కత్తిరించి, పొగాకు పరిచి, చుట్టి, దారం కట్టి, వెయ్యి బీడీలు లెక్కపెట్టి అప్పజెప్పాలి. ఎన్ని చదువులు, ఎన్ని పెండ్లిళ్లు ఆ చాట మీద నుంచి లేచాయో మన ప్రతి కుటుంబానికీ తెలుసు. ఆ కష్టం ఎక్కడికి చేరిందో చూడాలంటే కుంభారి దాకా పోవాలి. నర్సయ్య ఆడం, అదే మన ఆడం మాస్టర్ నడిపిన ఉద్యమం ఫలితంగా బీడీ కార్మిక స్త్రీల కోసం గోదూతాయి పరుళేకర్ పేరుతో 10,000 ఇళ్లు లేచాయి. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి అప్పగించారు. ఆ తర్వాత 30,000 ఇళ్ల రే నగర్ తలపెట్టారు. అందులో 15,000 ఇళ్లను 2024 జనవరిలో ప్రధాని మోదీ అందజేశారు. రెండు వేరు వేరు పార్టీల ప్రధానులు ఒకే పేట కార్మికుల గడప దగ్గరికి వచ్చారంటే అది చూడదగ్గ చోటు కాదా? దేశంలో కోటలు చాలా ఉన్నాయి. చాటల మీద బీడీలు చుట్టినవాళ్లు అడిగి సాధించుకున్న ఊరు ఎన్ని చోట్ల ఉంది?

మూడోది, పండుగలు. శ్రావణ పౌర్ణమి నాడు మార్కండేయ మహాముని రథం బయల్దేరుతుంది. తామర తూళ్ల నారతో దేవతలకు బట్ట నేసిన భావనాఋషి మార్కండేయుని కొడుకని మన పురాణం. ఆ రోజు జంధ్యం మార్చుకుని, రాఖీ కట్టించుకుని, పూర్వ భాగ్ అంతా రోడ్డు మీదికి వస్తుంది. మరాఠీవాళ్లకు అదే నారళీ పౌర్ణమి. దసరా ముందు బతుకమ్మ, ఆషాఢంలో పోచమ్మ. తెలంగాణ నుంచి ఇన్ని వందల కిలోమీటర్ల దూరంలో, నాలుగైదు తరాల తర్వాత, ఎవరూ పనిగట్టుకుని నేర్పకుండానే చప్పట్లు లయ తప్పకుండా పడతాయి.

నాలుగోది చూసేది కాదు, వినేది. ఒక చాయ్ తాగుతూ చౌక్‌లో పదిహేను నిమిషాలు కూచోండి. ఒకే మనిషి కొడుకుతో తెలుగులో, గిరాకీతో మరాఠీలో, ఎదురింటాయనతో కన్నడంలో మాట్లాడతాడు. ఇంటిపేరు అడిగితే వెంటనే ఊరిపేరు కూడా అడుగుతాడు. "మీది ఏ ఊరు?" అంటే ఇప్పుడున్న ఊరు కాదు, ముత్తాత విడిచి వచ్చిన ఊరు. జవాబు తెలియని పిల్లవాడు ఆ రోజు ఇంటికి పోయి తప్పకుండా అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్న కోసమైనా తీసుకురావాలి.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది మనవాళ్లే అంటారు: "ఏముందిరా ఇక్కడ చూడనీకి? దుమ్ము, చప్పుడు, ఇరుకు." బతుకంతా ఆ చప్పుడులో గడిపినవాళ్లు అలా అనడం న్యాయమే. చెవులు పోయినవాళ్లున్నారు, దూది దుమ్ముకు దగ్గు పట్టినవాళ్లున్నారు. కానీ దానికి మందు దాచిపెట్టడం కాదు. మన పనిని మనమే చూడదగ్గది కాదనుకుంటే, దానికి ఇవ్వాల్సిన ధర ఇంకెవరు ఇస్తారు? ఎక్కడెక్కడో నేసిన దుప్పట్లు సోలాపూర్ పేరుతో అమ్ముడుపోతున్నాయి. ఇటు చవక పాలిస్టర్ దుప్పటి వచ్చి నూలు చాదరును పక్కకు నెడుతోంది. ఆగిన సాంచలు తుక్కు లెక్కన తూకానికి పోతున్నాయి. అసలు చాదరు ఎలా తయారవుతుందో కళ్లారా చూసినవాడే నకిలీ ముందు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు.

రెండో అభ్యంతరం బరువైనది. పని చేసుకునే మనుషులను తమాషాగా చూపిస్తామా అని. ఈ భయం ఉత్తది కాదు. కరీబియన్ తీరంలో, కొలంబియా దేశంలో, కార్తహేనా అనే పాత కోట నగరం ఉంది. 1533లో స్పెయిన్ వాళ్లు కట్టుకున్న ఊరు. 1984లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దానికి ఆనుకునే హెత్సెమానీ అని చేతిపనుల వాళ్ల పేట ఉంది. 1811 నవంబరు 11న ఆ ఊరు స్వాతంత్ర్యం ప్రకటించింది పెద్రో రొమేరో వంటి ఆ పేట పనివాళ్ల ఒత్తిడితోనే. చాలాకాలం బయటివాళ్లు ఆ పేటలో అడుగు పెట్టేవారు కాదు. తర్వాత దాని అందం అందరి కళ్లబడింది. గోడల మీద రంగుల బొమ్మలు వచ్చాయి, ఇళ్లు హోటళ్లయ్యాయి, అద్దెలు పెరిగాయి, తరాలుగా ఉన్న కుటుంబాలు చాలావరకు వెళ్లిపోయాయి. చూడటానికి పేట మిగిలింది, పేటవాళ్లు మిగల్లేదు.

మనకు అంత ప్రమాదం ఇప్పట్లో లేదు. మన కష్టం తిరుగుబోటు, ఎవరూ రాకపోవడం. కానీ ఆ పాఠం మనకూ పనికొస్తుంది. పేటను మ్యూజియం చేయొద్దు. ఆగిపోయిన సాంచకు రంగు పూసి అద్దాల వెనక పెట్టడం కంటే, నడిచే సాంచకు ఒక గిరాకీని తేవడం మేలు. వచ్చేవాడు ప్రేక్షకుడుగా కాదు, కొనేవాడుగానో చుట్టంగానో రావాలి. ఈ రెండు వరసల్లో వచ్చినవాడికి మర్యాద ఎలా చేయాలో మన ఇళ్లకు ఒకరు నేర్పనక్కర్లేదు.

అందుకని నేను అడిగేవి చిన్న కోరికలే. బయట ఊళ్లల్లో ఉన్న మనవాళ్లు ఈసారి వచ్చినప్పుడు పిల్లలకు ఒక పూట పూర్వ భాగ్ కోసం విడిచిపెట్టండి. ముందుగా కబురు చేసి, తెలిసినవాళ్ల కార్ఖానాకు పోండి. అడగకుండా ఫోటోలు తీయకండి, ముఖ్యంగా బీడీలు చుట్టే అక్కలవి. నేసినవారి దగ్గరే చాదరు కొనండి, బేరం ఆడకండి. నాయనమ్మ మాటల్లో కండె, ఆసు, నాడె, అచ్చు, పడుగు, పేక అన్నవి ఏమిటో పిల్లలకు వస్తువును చూపించి చెప్పండి. వస్తువు కంటి ముందు నుంచి పోతే మాట నోట్లో ఎంతోకాలం ఉండదు. కార్ఖానాలు నడిపేవాళ్లు వారానికి ఒక గంట, మన పిల్లల కోసమైనా, తలుపు తెరిచిపెట్టండి. మన సంఘాలు, మన విద్యాసంస్థలు ఒక్కో చౌక్‌లో తెలుగులో, మరాఠీలో ఒక పలక పెడితే చాలు: ఈ పేట ఎప్పటిది, ఎవరు వచ్చారు, ఏం నేశారు.

ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కొలువులో ఇంగ్లీషు. మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. వాళ్లకు మన చరిత్రను పుస్తకంలో పెట్టి ఇస్తే తెరవలేరు. కానీ నడిచే సాంచ ముందు నిలబెడితే అక్షరం రాకున్నా అర్థమవుతుంది. సూరత్‌లో, భివండిలో, అహ్మద్‌నగర్‌లో ఉన్న మన కుటుంబాలకూ ఇదే మాట చెబుతాను. మీ ఊళ్లోనూ ఇలాంటి పేట ఒకటి ఉంటుంది. సాంచల చప్పుడు వినిపిస్తున్నన్నాళ్లే దాన్ని చూపించగలం.