మూడు గీతల్లో కొండ!

కాగితం మీద ఓ అడ్డగీత గీయండి. దాని మీద మూడు నిలువు గీతలు నిలబెట్టండి. మధ్యది కాస్త పొడుగ్గా, అటూ ఇటూ ఉన్నవి పొట్టిగా. అంతే... చైనా భాషలో 'కొండ' అని రాసేసినట్టే! పలకడం 'షాన్'. చైనా పిల్లలు బళ్లో చేరగానే నేర్చుకునే అక్షరాల్లో ఇదొకటి. పైకి నాలుగు గీతలున్నట్టు కనిపించినా లెక్కకు మూడే. ముందు మధ్యనున్న నిలువు గీత. తరవాత ఎడమవైపు గీతను కిందికి దించి, కలం ఎత్తకుండా అలాగే కుడివైపు లాగాలి. చివర్లో కుడిపక్క గీత. 1956లో చైనా ప్రభుత్వం తన లిపిని సులభం చేసే పని మొదలుపెట్టి ఎన్నో అక్షరాల గీతలు తగ్గించింది. దీని జోలికి మాత్రం పోలేదు. తగ్గించడానికేముందని!

మందుకొట్లో చరిత్ర

ఈ అక్షరం వయసు మూడువేల ఏళ్ల పైమాటే. ఆ సంగతి తెలియడం వెనక ఓ చిత్రమైన కథ ఉంది. ఒకప్పుడు చైనా మందుల దుకాణాల్లో 'డ్రాగన్ ఎముకలు' అమ్మేవారు. వాటిని పొడికొట్టి మందుల్లో కలిపేవారు. వాటిలో కొన్నిటి మీద ఉన్నవి ఉత్త గీతలు కాదనీ, పాతకాలపు రాత అనీ 1899లో వాంగ్ యీరాంగ్ అనే పండితుడు గుర్తించాడు. అంటే అప్పటిదాకా ఎంత చరిత్ర జనం కడుపుల్లోకి పోయిందో!

ఆ మరుసటేడే విదేశీ సైన్యాలు బీజింగ్‌లో అడుగుపెట్టడంతో వాంగ్ ప్రాణాలు తీసుకున్నాడు. ఆయన కూడబెట్టిన ఎముకల్లో చాలావరకు మిత్రుడు ల్యూ ఎ చేతికి చేరాయి. వాటి మీది రాతల అచ్చులు తీసి 1903లో ఆయన పుస్తకం వేయకపోతే వాంగ్ శ్రమంతా బూడిదలో పోసినట్టే అయ్యేది.

ఇంతకీ అవేం ఎముకలు? ఎద్దు భుజం ఎముకలు, తాబేలు డిప్పలు. షాంగ్ వంశపు రాజులు ప్రశ్న అడిగించేందుకు వాడినవి. వాన పడుతుందా, పంట పండుతుందా, యుద్ధం గెలుస్తామా... అని అడిగి, ఎముకను వేడితో కాల్చి, వచ్చిన బీటలను బట్టి జవాబు చెప్పేవారు. ప్రశ్నను ఆ ఎముక మీదే చెక్కేవారు. వానల కోసం, పంటల కోసం పర్వతాలకు బలులు ఇవ్వాలా అన్న ప్రశ్నలూ వాటిలో ఉన్నాయి. అందులో కొండ అక్షరం అచ్చంగా బొమ్మే. సమంగా ఉన్న గీత మీద మూడు శిఖరాలు. చిక్కేమిటంటే, అప్పట్లో 'నిప్పు' అక్షరమూ దాదాపు ఇలాగే ఉండేది. అడుగు చదునుగా ఉంటే కొండ, గుండ్రంగా ఉంటే నిప్పు! తరవాత్తరవాత శిఖరాలు చిక్కి గీతలయ్యాయి.

కొండ పక్కన ఎవరుంటే...

ఈ అక్షరం మరో అక్షరంతో జతకడితే కొత్త మాటలు పుడతాయి. పక్కన మనిషిని నిలబెడితే 'చిరంజీవి' అని అర్థం. కొండల్లో తపస్సు చేసి చావును జయించినవాడన్నమాట. కింద రాయిని పెడితే బండ. పైన పక్షి వాలితే దీవి. జపాన్ వాళ్లు ఇంకో అడుగు వేశారు. కొండ పక్కన 'పైకి', 'కిందికి' అనే రెండు అక్షరాలను పేర్చి 'కనుమదారి'కి సొంతంగా ఓ అక్షరం తయారుచేసుకున్నారు. కొండా గాలీ కలిసిన అక్షరమైతే చైనాలో కొండల మీది పొగమంచు, జపాన్‌లో తుపాను!

అలాగని కనిపించిన ప్రతిదీ కొండ కాదు. 'బయటికి వెళ్లడం' అనే అక్షరం చూస్తే కొండ మీద కొండ పెట్టినట్టే ఉంటుంది. పాత ఎముకల మీద చూస్తే అది గోతిలోంచి బయటికి వస్తున్న పాదం! చైనా అక్షరాలన్నీ బొమ్మలే అనుకోవడమూ పొరపాటే. బొమ్మల్లోంచి నేరుగా పుట్టినవి కొన్నే. ఎక్కువ భాగం ఒక ముక్క అర్థాన్నీ, మరో ముక్క ఉచ్చారణనూ సూచించేవే.

ఫ్యూజీ 'గారు' కాదు

చైనాలో షాన్‌డాంగ్ అంటే కొండలకు తూర్పు, షాన్షీ అంటే కొండలకు పడమర. జపాన్‌లో ఇదే అక్షరాన్ని 'యామా' అనీ, 'సాన్' అనీ పలుకుతారు. ఫ్యూజీ సాన్‌లో ఉన్నది ఈ సానే. మనుషుల పేర్ల చివర మర్యాదకు తగిలించే 'సాన్' వేరు. కొరియా రేవుపట్నం బూసాన్‌లోనూ కొండ ఉంది. చైనా జాతిపితగా పేరొందిన సన్ యట్ సేన్ 1897లో జపాన్‌లో తలదాచుకున్నప్పుడు 'నాకాయామా' అని మారుపేరు పెట్టుకున్నాడు. నడిమి కొండ అని అర్థం. ఆ అక్షరాలనే చైనావాళ్లు 'జాంగ్‌షాన్' అని చదివారు. చివరికి ఆ దొంగపేరే ఆయన్ని తలచుకునే పేరయింది. ఊళ్లకూ, వీధులకూ, ఆయన వేసుకున్న కోటుకూ అదే పేరు!

జనం కిక్కిరిస్తే చైనావాళ్లు 'మనుషుల కొండ, మనుషుల సముద్రం' అంటారు. 'షాన్‌జాయ్' అంటే కొండల్లో దొంగల కోట. 2000 తరవాతి దశకంలో పెద్ద కంపెనీలకు నకళ్లుగా వచ్చిన చవక సెల్‌ఫోన్లకు ఆ మాటే స్థిరపడిపోయింది.

మన కొండలకూ...

ఈ అక్షరానికి మన నేలతోనూ చుట్టరికం ఉంది. ఏడో శతాబ్దంలో వచ్చిన హుయాన్ త్సాంగ్ 646లో పూర్తయిన తన యాత్రా గ్రంథంలో ధాన్యకటకం గురించి రాశాడు. నగరానికి తూర్పు కొండ మీదొకటి, పడమటి కొండ మీదొకటి ఆరామాలున్నాయన్నాడు. పూర్వశైల, అవరశైల అనే పేర్లను తన లిపిలోకి మార్చి, తనవాళ్లకు అర్థం కావాలని పక్కనే 'తూర్పు షాన్', 'పడమటి షాన్' అని చేర్చాడు. ఆయన వచ్చేనాటికే ఆ ఆరామాల్లో భిక్షువులు లేరు. ఆ తరవాత గోడలూ పోయాయి. ఆ రెండు కొండలు మాత్రం మూడేసి గీతలుగా ఆ పుస్తకంలో ఇప్పటికీ నిలబడే ఉన్నాయి.